లచ్చమ్మపేట శాసనం నేనే చేశాను

ముప్పై నాలుగేళ్లు సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. కోటలు కట్టాను, కోర్టులు కట్టాను, జైళ్లకైతే లెక్కే లేదు. అన్నీ మూడో రోజో ముప్పయ్యో రోజో మా చేతులతోనే కూల్చేశాం. నా పనుల్లో జనం అన్నిటికంటే ఎక్కువగా నమ్మింది ఒక రాయిని. అది ఏ సినిమాలోనూ కనిపించదు. ఎందుకంటే ఆ సినిమానే లేదు.

ఈమధ్య మా పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ఫిల్మ్‌నగర్‌లో ఒకచోట నన్ను కూర్చోబెట్టి, "సార్, మీ బెస్ట్ వర్క్ ఏది?" అని అడిగారు. ఏదో రాజమహల్ సెట్ పేరు చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. వాళ్లకు చెప్పాల్సింది ఈ రాయి సంగతి. అందుకే రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఊరి పేరు కూడా, దానిలోని మనిషి పేరుతో సహా మార్చి, లచ్చమ్మపేట అంటున్నాను. ఆ ఊరి పేరు జోలికి ఒకసారి పోయి చూశాను, చాలు.

మాది యూసుఫ్‌గూడ. మా నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడు. అక్షరం గుండ్రంగా తిప్పడం నాకు బడి కంటే ముందే వచ్చింది. ఆ చెయ్యి చూసే మా గురువుగారు నన్ను తీసుకున్నారు. ఆయన అప్పటికే పేరున్న ఆర్ట్ డైరెక్టర్, కృష్ణా జిల్లా మనిషి. పని బాగుంటే ఏమీ అనరు, బాగాలేకపోతే కూడా ఏమీ అనరు, ఊరికే ఇంకోసారి చూస్తారు. ఆ చూపుకు భయపడే పని నేర్చుకున్నాను.

ఇరవై ఏళ్ల పైమాట. ఒక సినిమాకు సముద్రపు ఒడ్డున చిన్న పల్లె కావాలన్నారు. ప్రొడక్షన్ మేనేజరూ నేనూ రెక్కీకి బయలుదేరాం. రెక్కీ అంటే షూటింగ్‌కు ముందు వెళ్లి చోటు చూసుకురావడం. విశాఖపట్నం దాటి ఒడ్డు వెంట నాలుగు రోజులు తిరిగితే లచ్చమ్మపేట దొరికింది. అరవై డెబ్బై ఇళ్లు, అందరూ చేపలవేట వాళ్లే. ఇళ్లకూ సముద్రానికీ మధ్య పెద్ద ఇసుక దిబ్బ. దిబ్బ నిండా ఆడవాళ్లు నెత్తళ్లనే చిన్న చేపలు ఎండబెట్టుకుంటున్నారు. ఒక పక్క తాటితోపు, ఇంకో పక్క ఉప్పుకాలువ. కెమెరా ఎటు తిప్పినా ఫ్రేమే.

ఊరికి ఆ పేరెలా వచ్చిందని అడిగాను. కథలో ఊరి పేరుకు పని ఉంది, కనుక్కురమ్మన్నారు. నలుగురిని అడిగితే మూడు జవాబులు వచ్చాయి. టీకొట్టు ఆయన అది అమ్మవారి పేరన్నాడు. పైనున్న పెద్ద ఊరి నుంచి సైకిల్ మీద వచ్చినాయన, పూర్వం ఇక్కడి జమీందారు ఇంటి ఆడపడుచు లక్ష్మీదేవమ్మ పేట కట్టించిందనీ, నోరు తిరగని వాళ్లు లచ్చమ్మను చేశారనీ చెప్పాడు. దిబ్బ మీద చేపలు తిరగేస్తున్న ఒక ముసలావిడ మాత్రం ఆ మాట విని పకపకా నవ్వింది.

"దొరసానమ్మ ఈ ఇసకలో అడుగెడతాదేటి బాబూ? కాళ్లు కాలిపోవూ! కూకో, సెప్తాను" అంది.

కూర్చున్నాను. ఆవిడ చెప్పింది ఇదీ. పాత ఊరు కాలువ ముఖం దగ్గర ఉండేదట. ఒక రాత్రి ఉప్పెన వచ్చి ఊడ్చేసింది. బతికినవాళ్లు తడిసి ముద్దై ఈ దిబ్బ మీదికి చేరారు. ఎవరి దగ్గరా ఎండుపుల్ల లేదు, నిప్పు లేదు. ఎండుచేపలు అమ్ముకునే లచ్చమ్మ అనే ఆవిడ పైఊరికి నడిచివెళ్లి, కుండలో నిప్పు అడిగి తెచ్చి, ఒక్కొక్కరికీ పంచింది. ఆమె నిప్పు తీసుకుని పొయ్యి వెలిగించుకున్న ఇళ్లే మొదటి ఇళ్లు. ఆవిడ చెబుతున్నంతసేపూ నేను తలూపుతూనే ఉన్నాను. కళ్లు మాత్రం దిబ్బ మీదే ఉన్నాయి, పొద్దున ఎండ ఎటునుంచి పడుతుందో చూసుకుంటున్నాను.

వెనక్కి వచ్చాక జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఆఫీసులో కథా చర్చ. ఏసీ గది, గాజు బల్ల, జీడిపప్పు పళ్లెం. దర్శకుడు, రచయిత, గురువుగారు, ఓ మూలన నేను. ముసలావిడ కథ నాకు వచ్చినట్టు చెప్పాను.

"ఎండుచేపలమ్ముకునే ఆవిడా?" అన్నాడు దర్శకుడు. "మన హీరోయిన్ ఆవిడ వంశంలో పిల్లయ్యా. ఫ్లాష్‌బ్యాక్‌లో ఏం కట్టబెడతాం ఆవిడకి? దొరసాని అయితే పల్లకీ ఉంటుంది, నగలుంటాయి, చుట్టూ వందమంది జనం ఉంటారు."

"పైగా మనం కల్పించింది కూడా కాదండీ. ఊళ్లోనే ఆ మాట ఉందిగా" అన్నాడు రచయిత.

అలా ఐదు నిమిషాల్లో లచ్చమ్మ పోయి లక్ష్మీదేవమ్మ వచ్చింది. నేను అడ్డు చెప్పలేదు. చెప్పే స్థానమూ కాదు నాది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కథలో ఆ దిబ్బ కోసం తగువు ఉంది. ఇసుకలోంచి ఒక శాసనం బయటపడి నేల ఎవరిదో తేలుస్తుంది. ఆ శాసనంలో ఏం రాయాలా అని రచయిత జుట్టు పీక్కుంటున్నాడు. నేను నోరు తెరిచాను.

"సార్, హద్దులు పెడితే నమ్మకంగ ఉంటది. ఉప్పుకాలువ, తాటితోపు గాడ నిజంగనే ఉన్నయ్. గవే పెడదం" అన్నాను.

"శెభాష్" అన్నాడు దర్శకుడు. కథా చర్చలో నాకు దొరికిన మొదటి శెభాష్ అది. జీడిపప్పు పళ్లెం నావైపు జరిపారు. సంబరంగా తిన్నాను.

మామూలుగా ఇలాంటివి ఫైబర్‌తోనో ప్లాస్టర్‌తోనో చేస్తాం. సముద్రం గాలికి అవి ఎగిరిపోతాయని నేను నిజం రాయే వాడదామన్నాను. అసలు కారణం గాలి కాదు, నా ఆశ. హైవే పక్కన రోళ్లు కొట్టేవాళ్ల దగ్గర ఒక బండ తీసుకున్నాను. పాత శాసనాల ఫొటోలు ముందు పెట్టుకుని, ఉప్పుకాలువ మొదలు తాటితోపు దాకా లక్ష్మీదేవమ్మదే అని రచయిత ఇచ్చిన మాటల్ని పద్నాలుగు వరుసలుగా నేనే రాశాను. పైవి వాళ్లు చెక్కారు, కిందివి నేను చెక్కాను. ఉప్పునీళ్లు, మజ్జిగ, మసి పట్టించి, పదిరోజులు పెంటదిబ్బలో పూడ్చి తీశాం. హీరోయిన్ దానిమీద ఒరిగి ఏడ్చే షాట్ ఉంది. రాయి పడిపోకుండా అడుగున మిషన్‌తో రెండు రంధ్రాలు వేసి, ఇనుప ఫ్రేముకు బోల్టులతో బిగించాం. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు కదా. గురువుగారు వచ్చి ఒకసారే చూశారు. రెండోసారి చూడలేదు. నాకు అది పద్మశ్రీతో సమానం.

షూటింగ్ నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు పొద్దున నిర్మాత చేతులెత్తేశాడని కబురొచ్చింది. ప్యాకప్. సాయంత్రంలోగా లారీలు కదలాలి. మా పనిలో ఒక నియమం ఉంది. మనం పెట్టింది మనమే తీసేయాలి, లేదా పగలగొట్టేయాలి. రాయిని లారీ ఎక్కించాలంటే ఎనిమిదిమంది కావాలి, ఉన్నది ముగ్గురం. సుత్తి నా చేతిలోనే ఉంది. రెండుసార్లు ఎత్తాను కూడా. నిజం చెబుతున్నాను, మనసొప్పలేదు. అంత బాగా కుదిరిన పనిని చూస్తూ చూస్తూ ఎలా పగలగొడతాం? ఫ్రేము విప్పుకుని, రాయిని దిబ్బ చివర గుంటలో పడుకోబెట్టి, పైన ఇసుక తోసి వచ్చేశాను. ఒక బోల్టు బిగుసుకుపోయి ఊడిరాక సగానికి విరిగి లోపలే ఉండిపోయింది.

ఆ సినిమా మళ్లీ మొదలవలేదు. తీసిన నాలుగు రోజుల రీలు ఏమైందో ఎవరికీ తెలియదు. నేను వేరే కోటలు కట్టుకుంటూ పోయాను. మోకాళ్లు అరిగాక పని మానేసి రహమత్‌నగర్‌లో కొడుకు కట్టిన రెండు గదుల వాటాలో ఉంటున్నాను.

రెండేళ్ల కిందట మా పాత గ్రూపులో ఎవరో ఒక పేపర్ కటింగ్ పంపారు. సముద్ర తీరంలో మూడు వందల ఏళ్ల నాటి శాసనం దొరికిందని వార్త. చప్టా కోసం తవ్వుతుంటే బయటపడిందట. ఆ చుట్టుపక్కల చరిత్ర మీద ఎంతో పనిచేసిన రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన దాన్ని చదివి, ఊరి పేరు వెనక రహస్యం తేలిపోయిందని ప్రకటించారు. ఫొటో పెద్దది చేసి చూశాను. నా రాయే! తొమ్మిదో వరుసలో ఉలి కాస్త జారిన చోటు కూడా అలాగే ఉంది.

ఒక్కణ్నే నవ్వుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏందయ్యా, ఒక్కనివే నవ్వుతున్నవ్?"

"నేను చేసిన రాయి మూడొందల ఏండ్లదంట."

"మరి నీకెన్నేండ్లు?" అని లోపలికి పోయింది.

నాకప్పుడు కలిగింది సంతోషమే. దాచుకోవడం దేనికి? ముప్పై నాలుగేళ్లలో ఒక్క అవార్డు ఎరగను. ఇన్నాళ్లకు చదువుకున్నవాళ్లు నా పని చూసి మూడొందల ఏళ్లిచ్చారు. కృష్ణానగర్‌లో మేం కూర్చునే టీకొట్టు దగ్గర ఆ ఫొటో కనిపించినవాడికల్లా చూపించి చెప్పుకున్నాను. అందరూ నవ్వారు, భుజం తట్టారు. ఊళ్లో ఏమవుతుందో అన్న ఆలోచన నాకు రాలేదు. సెట్ వేసి వచ్చాక ఆ ఊరి గురించి ఆలోచించే అలవాటు మాకు లేదు.

ఆరునెలల తరువాత ఒక పొద్దున ఇద్దరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ముప్పై ఐదేళ్ల ఆడమనిషి, ఆమె చిన్నాన్న. లచ్చమ్మపేట నుంచి. ఆమె అక్కడ వార్డు మెంబరట. మూడు రోజులుగా ఫిల్మ్‌నగర్ ఆఫీసులన్నీ తిరిగి, గేట్ల దగ్గర వాచ్‌మన్‌ల చేత తిట్లు తిని, చివరికి కృష్ణానగర్ టీకొట్టులో నా సంగతి విన్నారు.

"ఆ రాయి మీరే సేసినారంట గదండీ" అంది, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండానే.

"అవును బిడ్డా. ఏమైంది?"

"పైఊరి పెద్దింటోళ్లు, ఆ లచ్చిందేవమ్మ మా ముత్తవ్వే అంతన్నారండి. కాలవ మొదలు తాటితోపు దాకా మాదే, రాయి మీద ఉన్నాదిగా అని దిబ్బని రిసార్టు వోళ్లకి ఇచ్చీత్తన్నారు. అప్పుడే కంచె రాళ్లు పాతీసినారు. ఆడోళ్లం దిబ్బ మీద నెత్తళ్లు ఎండేసుకుంతేనే మా ఇళ్లలో పొయ్యి ఎలిగీది. అది పోతే ఏటి సేస్తాం?"

"అది షూటింగ్ రాయని మీ ఊరోళ్లకు ఎర్కనే గద. చెప్పలేదా?"

ఈసారి చిన్నాన్న అందుకున్నాడు. "సెప్పకేం బాబూ! ఏ సినిమా, పేరు సెప్పండి, సూస్తాం అంతన్నారు. సినిమా నేదు గదా! రాయి మీకు ఎదురు తిరిగిందని అబద్దం ఆడతన్నారు అంతన్నారు. వొచ్చే లచ్చివారం ఎమ్మార్వోగారి ఎంక్వైరీ. మీరొచ్చి ఒక్క మాట సెప్పాలి."

ఉప్పుకాలువ, తాటితోపు. ఆ రెండూ జూబ్లీహిల్స్ ఏసీ గదిలో నా నోటినుంచి వచ్చిన మాటలే. జీడిపప్పు రుచి ఇప్పటికీ గుర్తుంది. అయినా వెంటనే వస్తానని చెప్పలేదు. రేపు చెబుతానన్నాను. భయం. నకిలీ శాసనం చేసినవాణ్ని నేనే అని ఆఫీసులో ఒప్పుకుంటే కేసు పెడతారేమో, ఈ వయసులో స్టేషన్‌ల చుట్టూ తిరగాలేమో అని. వాళ్లు ఆ రాత్రికి యూసుఫ్‌గూడలో తెలిసినవాళ్ల గదికి వెళ్లారు.

నేను తిన్నగా గురువుగారింటికి వెళ్లాను. జూబ్లీహిల్స్‌లో కొండ మీద ఇల్లు. ఆయనిప్పుడు పెద్దగా బయటికి రారు. అంతా విని కాఫీ పక్కన పెట్టారు.

"మనం చేసింది సినిమా ప్రాపర్టీ, షూటింగ్ సామాను. దాన్ని శాసనం అన్నది వాళ్లు. నీకెందుకయ్యా?" అన్నారు.

"హద్దులు నేను చెప్పిన సార్."

"రాసింది రైటరు. ఒప్పుకుంది డైరెక్టరు. నువ్వెళ్లి నేనే చేశానంటే రేపు పేపర్లో నీ ఫొటో ఒక్కటే వేస్తారు. మేమెవరం ఉండం అందులో."

అదీ నిజమే. దండం పెట్టి లేచాను. గుమ్మం దాకా వచ్చాక ఆయన వెనకనుంచి అడిగారు.

"అడుగున బోల్టు రంధ్రాలుండాలి కదా?"

"ఉన్నయ్ సార్, రెండు."

"ఎంత దూరం?"

"తొమ్మిది అంగుళాలు. ఒకదాంట్ల విరిగిన బోల్టు కూడ ఉంది."

"రాయి లేపాక చెబితే ఎవడూ నమ్మడు. లేపకముందే కాగితం మీద రాసిచ్చి, అప్పుడు లేపమను. వెళ్లు" అన్నారు. వెళ్లొద్దన్నాయన వెళ్లమని ఎందుకన్నారో నేను అడగలేదు. పనికి సంబంధించినంత వరకూ ఆయనకు తప్పు కొలత పడదు. బహుశా అదే కారణం.

ఎంక్వైరీ జరిగే గురువారం నాటికి లచ్చమ్మపేట చేరాం. ఇరవై ఏళ్లలో ఊరు కాస్త పెరిగింది. దిబ్బ చుట్టూ కంచె రాళ్లు నిలబడి ఉన్నాయి. నా రాయిని దిబ్బ మొగదల సిమెంటు దిమ్మె కట్టి నిలబెట్టారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దండం పెట్టుకుని పోతున్నవాళ్లను చూసి నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అక్షరాల మీద పసుపు పూసి అంచులు పాడుచేశారని మాత్రం అనిపించింది. నాది అంత దరిద్రపు బుద్ధి.

ఎమ్మార్వో ఒక ఆడపిల్ల, మా కోడలి వయసుంటుంది. ఎండలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక పక్క పైఊరి పెద్దింటివాళ్లు, ఇంకో పక్క పేట జనం, మధ్యలో తెల్లచొక్కా వేసుకున్న లెక్చరర్‌గారు, చంకలో ఫైళ్లతో.

"మీరు చేశారనడానికి ఆధారం ఏంటి?" అంది.

"కాగితం ఇయ్యిర్రి మేడం, రాసిస్త" అన్నాను.

గురువుగారు చెప్పినట్టే రాశాను. అడుగున రెండు రంధ్రాలు, మధ్య తొమ్మిది అంగుళాలు, మిషన్‌తో వేసినవి, ఎడమదాంట్లో విరిగిన బోల్టు. సంతకం పెట్టాను. ఆమె చదివి అందరికీ వినిపించింది. దిమ్మె పగలగొట్టమంది. లెక్చరర్‌గారు అడ్డం వచ్చారు.

"అమ్మా, మూడొందల ఏళ్ల శాసనానికి గునపం తగిలితే ఎవరు జవాబు చెబుతారు?"

"నేను చెబుతాను సార్. మీరు పక్కకి రండి" అంది.

పేట కుర్రాళ్లు గునపాలందుకున్నారు. అందరూ రంధ్రాల కోసం చూస్తున్నారు. నేను కూడా అవి కనిపించాలనే మొక్కుకుంటున్నాను. కానీ గునపం రాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా, "మెల్లగ! అంచు పోతది!" అని అరుస్తూనే ఉన్నాను. వార్డు మెంబరు నావైపు వింతగా చూసింది. చివరికి రాయి లేచింది. పక్కకు వాల్చారు. అడుగున సిమెంటు గోకితే ఒక రంధ్రం కనిపించింది. తరువాత రెండోది. దానిలో ఎర్రగా తుప్పుపట్టిన బోల్టు ముక్క. ఎమ్మార్వో టేపు తెప్పించి తనే కొలిచింది. తొమ్మిది.

పేట ఆడవాళ్లు ఒక్కసారి గోల చేశారు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఈ హద్దులు ఎందుకు పెట్టారు మీరు?" అని నన్ను అడిగింది.

"సీన్‌కు బాగుంటదని, మేడం."

ఆమె ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. నేను నోటితో అన్న మాట ప్రభుత్వ ఫైలుకెక్కింది అదొక్కటే.

లెక్చరర్‌గారు కళ్లజోడు తుడుచుకుని, వంగి, రంధ్రంలో వేలు పెట్టి చూశారు. నేను ఎదురుగా నిలబడ్డాను. తిడతారనుకున్నాను.

"అక్షరాలు మీరే రాశారా?"

"నేనే సార్."

"చాలా బాగా రాశారు" అన్నారు. ఆయన ఆరునెలల పని అక్కడ సిమెంటు ముక్కల మధ్య పడి ఉంది. ఆయన చేసిన తప్పల్లా నా పనిని నమ్మడం. నాకు ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ బాధ వేసింది ఆయన్ని చూసే. కాసేపటికి తేరుకుని ఫైళ్లు సర్దుకుంటూ, "రాయి దొంగది కావచ్చు. విషయం దొంగదని ఎలా చెప్పగలం?" అన్నారు. చదువుకున్నవాళ్లకు పడిపోవడం కూడా పద్ధతిగా వస్తుంది.

మూడు వారాలకు ఆర్డరు వచ్చింది. రాయిని ఆధారంగా తీసుకోవడం లేదు, దిబ్బ ఎప్పటిలాగే చేపలు ఎండబెట్టుకోవడానికి ఉండాలి అని. కంచె రాళ్లు పీకేశారు. నా మీద కేసేమీ పెట్టలేదు. ఒక పేపర్లో నా ఫొటో వేశారు, గురువుగారు చెప్పినట్టే ఒక్కణ్నే. మా ఆవిడ దాన్ని కత్తిరించి పూజగదిలో దాచింది. నకిలీ అన్న మాట చదవలేదో, చదివే దాచిందో అడగలేదు.

కథ ఇక్కడ ఆపితే నేను మంచివాణ్ని అయిపోతాను. కానీ ఆగలేదు. ఆర్డరు వచ్చిన వారానికి వార్డు మెంబరు ఫోన్ చేసింది.

"బాబూ, పంచాయితీ కాడ బోర్డు ఎట్టుకోమన్నారండి. ఊరి పేరు ఎలగొచ్చిందో రాసుకోమన్నారు. మావోళ్లు తలో మాటా అంతన్నారు. ఆ ఏడాది దిబ్బ మీద మీకు సెప్పిన ముసల్ది మా మామ్మేనండి. సినిమా బాబుకి సెప్పినానని మురిసిపోయీది. పోయి పదేళ్లయింది. నాకు రోజూ సెప్పీది. రోజూ సెప్పీదే గదాని నాను ఇన్లేదు. మీకు సెప్పింది సెప్పినట్టు సెప్పండి, రాసుకుంతాను."

అప్పటిదాకా ఆమె ఆ ముసలావిడ మనవరాలని నాకు తెలియదు. ఒక్కరోజు గడువడిగాను. రెక్కీకి వెళ్లినప్పుడల్లా నోటుపుస్తకంలో అన్నీ రాసుకోవడం నా అలవాటు. పెట్టెలన్నీ దించి వెతికితే లచ్చమ్మపేట పుస్తకం దొరికింది. నాలుగు పేజీలున్నాయి. పొద్దున ఎండ ఎటు, సాయంత్రం ఎటు. జనరేటర్ వ్యాన్ ఎక్కడ ఆపాలి. హీరోయిన్ బట్టలు మార్చుకోవడానికి ఎవరి ఇల్లు పనికొస్తుంది. దిబ్బ పొడవు, వెడల్పు అడుగుల్లో. నాలుగో పేజీ చివర ఒక్క వరుస: "పేరు కథ. ముసలమ్మ చెప్పింది. చాలా బాగుంది."

అంతే. ఇంకేమీ లేదు.

ఫోన్ చేసి నాకు గుర్తున్నంత చెప్పాను. ఉప్పెన, దిబ్బ, కుండలో నిప్పు. ఆమె రాసుకుంటూ మధ్యలో ఆపి అడిగింది.

"ఎన్ని ఇళ్లకి పంచినాదండి నిప్పు?"

"ఏడో, తొమ్మిదో బిడ్డా. యాదికి లేదు."

"మరి నిప్పు ఇత్తా ఏదో అన్నాది గదండీ లచ్చమ్మ? మామ్మ అక్కడికొచ్చేసరికి ఏడిసీది. ఆ మాట మీదే ఊరికి ఆ పేరు ఎట్టుకున్నామనీది. నాకు ఆ ఏడుపే గురుతు, మాట గురుతు లేదు."

అవును, అంది. ఆ ముసలావిడ చేపలు తిరగేయడం ఆపి, నా ముంజేయి పట్టుకుని మరీ ఆ మాట చెప్పింది. చెయ్యి పట్టుకున్నది గుర్తుంది. ఆ చేతి గరుకు గుర్తుంది. మాట గుర్తు లేదు. కళ్లు మూసుకుని ఎంత తవ్వుకున్నా రాలేదు. నేను చెక్కిన ఆ దొంగ శాసనం పద్నాలుగు వరుసలూ ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా అప్పజెబుతాను. దాన్నే తలుచుకుని ఫోన్ పట్టుకుని ఏడ్చాను.

కళ్లు తుడుచుకుని, ముప్పై నాలుగేళ్ల అలవాటు కొద్దీ, "బాధపడకు బిడ్డా. మంచి మాట ఒకటి నేను రాసిస్త. అచ్చం గామె అన్నట్టే ఉంటది, ఎవ్వరు గుర్తుపట్టరు" అన్నాను.

"వొద్దు బాబూ" అంది. కోపంగా కాదు, మెల్లగానే. "ఆడ కాళీ ఒగ్గీత్తాను."

నెల తరువాత బోర్డు ఫొటో పంపింది. నీలం మీద తెల్ల అక్షరాలు, మామూలు పెయింటర్ చేతి రాత. ఉప్పెన ఉంది, దిబ్బ ఉంది, నిప్పు కుండ ఉంది. "నిప్పు పంచుతూ లచ్చమ్మ ఒక మాట అన్నది" అన్న వరుస కింద రెండు వరుసల చోటు ఖాళీగా ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో, "ఈ మాట విన్న మనిషి మరిచిపోయాడు" అని రాయించింది. నా పేరు వేయలేదు.